బయటికి రాని తూటా

శవాన్ని ఇన్‌స్పెక్టర్ చెన్నకేశవులు రెండు చేతులతో ఎత్తాడు. బరువుంటుందని కాళ్లు దన్నుపెట్టి మరీ ఎత్తాడు. అది ఖాళీ గోనెసంచిలా లేచి వచ్చింది.

రాబందు. రెక్కలు చాపితే మనిషి నిలువుకన్నా ఎక్కువ. ఈకలు తప్పించి చూస్తే రొమ్ము ఎముక కత్తి అంచులా చేతికి తగిలింది. ఒంటి మీద కండ లేదు. మెడ కింద తిత్తి మాత్రం రాయిలా గట్టిగా, నిండుగా ఉంది. తోక కింద ఈకలకు పచ్చటి రెట్ట అంటుకుని ఎండిపోయింది.

1998 ఆగస్టు. ఉదయం ఏడు గంటలు. కొండాపూర్ వెనక రాళ్లగుట్ట. గుట్టకు ఒక పక్క మొక్కజొన్న చేను. ఇంకో పక్క కూలీల గుడిసెలు, వాటి వెనక సగం లేచిన ఆఫీసు బిల్డింగు. దూరంగా మాదాపూర్ వైపు గుండ్రటి మేడకు అద్దాలు బిగిస్తున్నారు. పొద్దుటి ఎండకు అవి మెరుస్తుంటే అటు చూడబుద్ధి కాలేదు అతనికి.

ఈ గుట్ట మీద ఏడు రాబందులుండేవి. నెలరోజుల్లో నాలుగు పోయాయి. నిన్న పొద్దున ఒక్కసారే ఇంకో రెండు. ఒక శవాన్ని పశువుల దవాఖానకు పంపారు. రెండోది ఇది. మిగిలింది ఒక్కటి.

కేసు అప్పటికే తేలిపోయిందని ఎస్.ఐ. కుమార్ చెప్పాడు. కుర్రవాడు, చురుకైనవాడు. ఇన్‌స్పెక్టర్ బందోబస్తు డ్యూటీ ముగించుకుని వచ్చేలోపే అంతా చక్కబెట్టాడు. పొద్దున కంప్లయింటు, సాయంత్రం ఆరింటికి అరెస్టు, రాత్రికి నేరం ఒప్పుకోలు. ముద్దాయి పెంటయ్య, ఆ బిల్డింగుకు వాచ్‌మన్. అతని గుడిసెలో పురుగుమందు డబ్బా దొరికింది.

"మందు దేంట్లో కలిపాడు?" చెన్నకేశవులు అడిగాడు.

"చచ్చిన మేకలో సార్. తెచ్చి ఇక్కడ పడేశాడు."

"మేక ఎముకలేవి?"

"కుక్కలు పీక్కుపోయి ఉంటాయి సార్."

"ఆ కుక్కలేవి?"

కుమార్ కిందికి చూపించాడు. ఇసుక కుప్ప మీద మూడు కుక్కలు కాళ్లు చాపుకుని ఉన్నాయి.

"చచ్చాయా?"

"నిద్రపోతున్నాయి సార్."

చెన్నకేశవులు శవాన్ని నేల మీద పెట్టాడు. దాని కంటి దగ్గర చీమలు బారు తీరి ఉన్నాయి. బతికున్న చీమలు. పురుగుమందు తిన్న ఒంటి మీద చీమ నిలవదు. పొలం పుట్టుకవాడికి ఆ మాట ఎవరూ చెప్పనక్కరలేదు.

సాయంత్రం ఆరులోపు పెంటయ్యను మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. నిలబెడితే రిమాండు. వన్యప్రాణుల కేసు, బెయిలు అంత సులువుగా రాదు.

"ఆరింటిదాకా టైముంది," అన్నాడు చెన్నకేశవులు. కుమార్ ముఖం మాడిపోయింది.

*

లాకప్‌లో పెంటయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నలభై ఏళ్లుంటాయి. పాలమూరు జిల్లా మనిషి. ఊళ్లో మేకలు కాసేవాడు. వానలు లేక మేకలమ్ముకుని పెళ్లాంతో ఇటొచ్చాడు. రాత్రి వాచ్‌మన్ పని, పగలు రెండు మేకలు మేపడం. అతని కుడిచేతి వేళ్లు అరటికాయల్లా వాచి ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ ఆ చెయ్యి చూశాడు. తర్వాత కుమార్‌ను చూశాడు. కుమార్ గోడ గడియారం చూశాడు.

"పురుగుమందు ఎందుకు తెచ్చినవ్?"

"నల్లులకు సారూ. గుడిసెల మంచం నిండ నల్లులే."

"రాత్రి ఒప్పుకున్నవట?"

"ఒక చెయ్యి వాచింది. ఇంకో చెయ్యన్న మిగలాలె గద సారూ. ఒప్పుకున్న."

 పెంటయ్య ఇంకా చెప్పుకొచ్చాడు. కంపెనీవాళ్లు నిన్న రాత్రే ఇంకో వాచ్‌మన్‌ను పెట్టారట. ఇవాళ తను తిరిగి పోకపోతే గుడిసె కూడా వాడికే. కొమురమ్మ, అంటే అతని పెళ్లాం, ఎక్కడుంటుంది? ఊళ్లో ఇల్లు లేదు, ఇక్కడ బంధువు లేడు. ఈ మాట మూడుసార్లు చెప్పాడు. మూడోసారి తనలో తాను చెప్పుకున్నట్టు చెప్పాడు.

*

కంప్లయింటు ఇచ్చినవాడు వెంకటనారాయణ. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. తెనాలి వైపు మనిషి. మొక్కజొన్న చేను ఆయనదే, చేను నడుమ పెంకుటిల్లు. భార్య పోయి తొమ్మిదేళ్లు. వరండాలో ఒక్కటే కుర్చీ ఉంది. ఇన్‌స్పెక్టర్‌కు వెయ్యడానికి ఇంకొకటి వెతికి, దొరక్క, తనూ నిలబడే మాట్లాడాడు ఆయన.

చెన్నకేశవులుకు ఆ ఇల్లు కొత్తగా అనిపించలేదు. లింగంపల్లిలో అతని క్వార్టరూ అంతే. ఒక కంచం, ఒక గ్లాసు, పొద్దున వేసిన తాళం సాయంత్రం తనే తియ్యడం. కానీ ఆ సంగతి ఎదుటివాడికి చెప్పే అలవాటు అతనికి లేదు.

"మా ఆవిడ పోయిన ఏడాదే ఇవి ఈ గుట్ట మీదికొచ్చాయండి," అన్నాడు వెంకటనారాయణ. "రోజూ పొద్దున్నే చూసేవాణ్ణి. ఈ తొమ్మిదేళ్లలో నా గుమ్మం ముందుకు తప్పకుండా వచ్చినవి అవేనండి. మనుషులెవరూ రాలేదు."

మిగతాదంతా ఆయన వరసగా చెప్పాడు. చేలో పడి పాడుచేసే అడవిపందుల్ని కొట్టడానికి ఆయనకు పర్మిటుంది, లైసెన్సున్న రైఫిలుంది. వానాకాలమంతా పందులు వస్తాయి. కొట్టిన పందిని తను ముట్టడు. మాంసం గుడిసెలవాళ్లకు, మిగిలింది రాబందులకు. గుట్టను పేల్చేసి కార్లకు జాగా చెయ్యాలని కంపెనీ చూస్తే, పక్షులున్నాయని పిటిషన్ వేసి ఆపించింది కూడా ఆయనే.

"పెంటయ్య మీద అనుమానం ఎందుకొచ్చింది?"

నిరుడు ఇద్దరికీ గొడవైందట. తుపాకీ సంగతిలో. అప్పుడు పెంటయ్య అందరి ముందూ "నీ గద్దలు పండుటాకులోలె రాలిపోను" అని తిట్టాడట.

"తిట్టాడు. మందు పెట్టడం చూశారా?"

"చూళ్లేదండి. ఇంకెవరు చేస్తారు?"

చెయ్యగలవాడు ఇంకొకడున్నాడు. సైట్ ఇంజనీర్ లోహిత్. సిమెంటు దుమ్ములో కూడా టై కట్టుకుని తిరుగుతాడు. అడగ్గానే దాచకుండా చెప్పాడు. "మాకు పక్షులు ప్రాబ్లమ్ కాదండి. పిటిషనే ప్రాబ్లమ్. పక్షులు పోతే పిటిషన్ పోతుంది, కరెక్టే. కానీ నేను నెలన్నర బెంగళూరులో ఉన్నానండి. మొన్న రాత్రే దిగాను." ప్లేన్ టికెట్లు చూపించాడు. అవి నకిలీవి కావు.

*

పదకొండున్నరకు పశువుల డాక్టర్ జయంతి ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూపించింది. ఆమె కోస్తా అమ్మాయి. మాట మెత్తన. చెప్పే విషయం మెత్తన కాదు.

"తిత్తి నిండా మాంసం ఉందండి. అయినా ఆకలితో చచ్చింది."

"అదెట్లా?"

"తిన్నది కిందికి దిగలేదు. పేగుల్ని కదిపే నరాలు పడిపోయాయి. మింగుతుంది, అరగదు. రోజురోజుకూ ఎండిపోయి చస్తుంది. పురుగుమందైతే గంటల్లో పోయేది, ఒళ్లు ఇలా కరిగేది కాదు. ఇదిగో, ఇక్కడ చూడండి."

నల్లటి ఫిల్ము మీద, కడుపున్న చోట, తెల్లటి చుక్కలు. పిండి చల్లినట్టు.

"సీసం," అంది ఆమె.

"అంటే కాల్చారా?"

"ఒంటికి ఎక్కడా గాయం లేదండి. మేతలో వచ్చింది. ఇది గుండు కూడా కాదు, గుండు చిట్లిన రవ్వ. ఎముకను కూడా కరిగించే యాసిడ్ ఉంటుంది రాబందు కడుపులో. సీసాన్నీ కరిగించి నెత్తుట్లోకి పంపేస్తుంది. మీరడిగిన కుక్కలకు ఆ కడుపు లేదు, పైగా అవి ఆ గుట్ట పైదాకా ఎక్కలేవు."

దేశంలో చాలాచోట్ల రాబందులు రాలిపోతున్నాయనీ, ఎందుకో ఎవరికీ అంతుపట్టడం లేదనీ ఆమె చెప్పింది. "అక్కడ ఎందుకు చస్తున్నాయో నాకు తెలీదండి. వీటి సంగతి మాత్రం ఈ ఫిల్ములో ఉంది."

జీపులో కుమార్ ఆగలేకపోయాడు. "సీసమంటే తూటా. తూటా అంటే ముసలాయన రైఫిల్. కానీ సార్, ఆయన తొమ్మిదేళ్లుగా పందుల్ని కొడుతున్నాడు. తొమ్మిదేళ్లుగా ఇవి ఆ మాంసమే తింటున్నాయి. ఈ ఏడే ఎందుకు చచ్చాయి?"

మొదటిసారి సరైన ప్రశ్న అడిగాడు.  చెన్నకేశవులు గడియారం చూసుకుని, జీపును గుడిసెల వైపు తిప్పమన్నాడు.

*

కొమురమ్మ గుడిసె ముందు మట్టిలో కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించలేదు. రెండు మేకలు కట్టేసిన తాడు దగ్గరే అరుస్తున్నాయి. పోలీసు జీపు రావడంతో చుట్టుపక్కల గుడిసెల తలుపులు మూసుకున్నాయి. నిన్నటిదాకా ఆమెతో కలిసి నీళ్లు మోసినవాళ్లు అందరూ ఇప్పుడు లోపలే.

ఆమె ఏడవలేదు. అడిగినదానికి చెప్పింది.

మాట్లాడుతూనే చెన్నకేశవులు గుడిసె పక్కనున్న ఇనుప డ్రమ్ము చూశాడు. దానికి రెండు బొక్కలు. ఒకటి చేను వైపు, ఒకటి దానికి సరిగ్గా ఎదురుగా. రెండూ పెన్సిలు దూర్చినట్టు సన్నగా, గుండ్రంగా ఉన్నాయి. గుడ్డపీలికలు కుక్కి వాడుకుంటున్నారు.

"ఇదేంది?"

"పెద్దసారు గుండు. నిరుడు మక్కలు కోసే ముందర. పందిని గొడ్తే దాంట్లకెల్లి దూరి, చేను దాటొచ్చి డ్రమ్ముల వడ్డది. జర పక్కకైతే నాకే తగులుతుండె. గందుకే మా ఆయన కొట్లాడిండు."

"పందిలోంచి దూరి వచ్చిందా? చూసిండ్రా?"

"పందికి ఈ పక్క బొక్క, ఆ పక్క బొక్క. మేమే కోసినం గద సారూ."

"ఆ తర్వాత?"

"గంతే. మల్లెన్నడు ఇటు రాలే. ఈ యేడు గూడ పందుల్ని గొడ్తుండు, ఒక్క గుండు ఇవతలికి రాలే. పందికి గూడ ఒక్కటే బొక్క."

చెన్నకేశవులు ఆమె ఎదుట గొంతుకూర్చున్నాడు. "మాంసం మీకు ఎట్ల ఇస్తడు?"

"మంచిదే ఇస్తడు. గుండు తగిలిన కాడ నల్లగైన ముక్క మాకియ్యడు. ఆడికాడికి కోసి బకెట్ల ఏయిస్తడు. మనుషులు తినొద్దంటడు."

"ఆ బకెట్ ఎటు పోతది?"

కొమురమ్మ తలెత్తి గుట్ట వైపు చూసింది. అదొక అడగాల్సిన మాటేనా అన్నట్టు చూసింది.

*

నాలుగింటికి అందరినీ గుట్ట కిందికి రప్పించాడు. వెంకటనారాయణను రైఫిలూ, పాతవీ కొత్తవీ తూటాలూ తెమ్మన్నాడు. లోహిత్ వచ్చాడు. కుమార్ పెంటయ్యను జీపులోంచి దించాడు. కొమురమ్మ భర్త చెయ్యి చూసి, చూపు తిప్పుకుంది.

చెన్నకేశవులు రెండు తూటాలు అరచేతిలో పెట్టుకున్నాడు.

"ఇది నిరుటిదాకా వాడింది. మొనదాకా రాగి తొడుగు. గట్టిది. పందిని ఇటు తగిలి అటు దూసుకుపోతుంది. చిట్లదు. అట్లా పోయే కొమురమ్మ డ్రమ్ముకు బొక్క పెట్టింది. అవునా?"

"అవునండి," అన్నాడు వెంకటనారాయణ. "అప్పుడు నాకు భయం వేసిందండి. గుడిసెలు పెరిగాయి. మనిషికి తగిలితే? అందుకని రకం మార్చాను. సాఫ్ట్ నోస్. ఇది జంతువులోనే ఆగిపోతుంది."

"ఎట్లా ఆగుతుంది?"

వెంకటనారాయణ తూటా వైపు వంగి చూశాడు.

ఇన్‌స్పెక్టర్ రెండో తూటా మొన మీద గోటితో గీశాడు. గీత పడింది. "దీని మొనకు తొడుగు లేదు. ఉత్త సీసం. తగలగానే పువ్వులా విచ్చుకుంటుంది, చిట్లుతుంది, కండలో రవ్వరవ్వగా ఇంకిపోతుంది. అందుకే ఈ ఏడు ఒక్క తూటా కూడా బయటికి రాలేదు. మనమంతా పురుగుమందు డబ్బా చూశాం. లోపలికి పోయిన తూటా ఏమైందని ఎవరూ అడగలేదు."

గాలి లేదు. లోహిత్ టై వదులు చేసుకున్నాడు.

"గుండు తగిలిన ముక్క మనుషులు తినకూడదని కోయించారు. రవ్వలన్నీ ఆ ముక్కలోనే ఉన్నాయి. దాన్ని బకెట్లో వేసుకుని గుట్ట పైకి మీ చేత్తో మోశారు. మనిషికి తగలొద్దని తూటా మార్చారు, మనిషి తినొద్దని ముక్క కోశారు. రెండూ మంచి పనులే. రెండిటి విషమూ పోయింది వీటి కడుపులోకి."

వెంకటనారాయణ రైఫిలును బండకు ఆనించి, రెండు చేతులూ ముందుకు చాపాడు.  

"నన్ను అరెస్టు చెయ్యండి."

"ఏ సెక్షన్ కింద? తుపాకీకి లైసెన్సుంది. పందికి పర్మిటుంది. ఆ తూటా షాపులో అమ్మేదే. మీకు వెయ్యడానికి నా దగ్గర శిక్ష లేదు."

"తెలియక చేశానండీ."

"తూటా సంగతి మీకు తెలియదు. సరే, ఒప్పుకున్నా." చెన్నకేశవులు గొంతు పెంచలేదు. "పెంటయ్య సంగతీ మీకు తెలియదు. అయినా పేరు రాసిచ్చారు. అది తెలియక చేసింది కాదు."

ఆ మాటతో ముసలాయన తల ఇంక లేవలేదు. చెన్నకేశవులు జాలి పడలేదు. జాలి పడితే ఆ వాచిన చేతికి ఏం చెప్పాలి? కుమార్ వైపు తిరిగాడు. సాక్ష్యం లేదని నూట అరవై తొమ్మిదో సెక్షన్ కింద రిపోర్టు రాసి పెంటయ్యను వదిలెయ్యమన్నాడు. ఆ చేతికి దవాఖానలో కట్టు కట్టించి, ఎట్లా వాచిందో ఆ కాగితం కూడా తన బల్ల మీద పెట్టమన్నాడు. కుమార్ సెల్యూట్ చేశాడు. చెయ్యి సరిగ్గా లేవలేదు.

లోహిత్ మెల్లగా గొంతు సవరించుకున్నాడు. "అంటే సార్, పిటిషన్ ఇంకా ఉన్నట్టేనా?"

"ఒకటి బతికుంది గదా."

"వాచ్‌మన్ పోస్టు..."

"పెంటయ్యది. నిన్న రాత్రి పెట్టినవాణ్ణి మీరు ఇంకెక్కడైనా పెట్టుకోండి."

అప్పుడు పైన నీడ కదిలింది.

ఏడో రాబందు. రెక్క కొట్టకుండా ఒక చుట్టు తిరిగి, కాళ్లు కిందికి దించి, గుట్ట నడినెత్తిన బల్లబండ మీద వాలింది. వాలడం సరిగ్గా లేదు, పక్కకు ఒరిగి సర్దుకుంది.

వెంకటనారాయణ ఒక్కసారిగా అరిచాడు. "మాంసం! పొద్దున మీరు వెళ్లాక పెట్టానండీ. మొన్న రాత్రి పందిది. ఒక్కటే మిగిలిందని బకెట్ మొత్తం దానికే పెట్టాను."

పరుగెత్తాడు. డెబ్భై ఏళ్ల మనిషి చెప్పులు వదిలేసి బండలు పట్టుకుని ఎక్కాడు. చేతులూపాడు, కేకలేశాడు. రాబందు ఆయన్ను చూసింది. లేవలేదు. తొమ్మిదేళ్లుగా మేత పెట్టే మనిషిని చూసి అదెందుకు లేస్తుంది? ఆయన వైపే రెండడుగులు గెంతి, ముక్కు వంచింది.

ఆయన రాయి విసిరాడు. సగం దూరంలోనే పడింది. ఇంకోటి విసిరాడు.  అదీ పడిపోయింది.

"పోదాం పా," అంది కొమురమ్మ భర్తతో. "మనకేంది? రాత్రంత నేనొక్కదాన్నే గూసున్న. ఎవ్వడన్న వచ్చిండా?"

పెంటయ్య రెండడుగులు వేసి ఆగాడు. వంగి నేల మీద వెతికి, కోడిగుడ్డంత రాయి ఎడమచేత్తో తీసుకున్నాడు. మేకల్ని మళ్లించి మళ్లించి పెరిగిన చెయ్యి అది. ఒక్కసారి వెనక్కి వంచి వదిలాడు. రాయి ముసలాయన తల మీదుగా పోయి, రాబందు ముక్కు ముందరి బండకు ఠంగున తగిలింది. రెండో రాయి దాని కాళ్ల దగ్గర. రాబందు రెక్కలు విప్పింది. బరువుగా లేచి, ఒక బండ మీదికి, అక్కణ్ణుంచి గాలిలోకి, చేను దాటి వెళ్లిపోయింది.

వెంకటనారాయణ బల్లబండ మీద మోకాళ్ల మీద పడి మాంసం ముక్కలు ఏరి ఒళ్లో వేసుకుంటున్నాడు. చొక్కా నిండా నల్లటి నెత్తురు. కిందికి చూసి, "పెంటయ్యా," అన్నాడు. 

పెంటయ్య చెయ్యి దులుపుకున్నాడు.

"పక్షి కోసం గొట్టిన సారూ," అన్నాడు. "మీ కోసం గాదు."

కొమురమ్మ అప్పటికే మేకల వైపు నడుస్తోంది. అతను ఆమె వెనక పోయాడు. గుట్ట మీద ముసలాయన ఒక్కడే, సందుల్లో చిన్న ముక్క కూడా మిగలకుండా వేళ్లు పెట్టి వెతుకుతూ ఉండిపోయాడు.